సూది వేసే ముందు ఒక స్లైడు: జబ్బుపడ్డ పశువులో ఏ బాక్టీరియా ఉందో కనిపెట్టడం ఎలా

ఉదయగిరి, వరికుంటపాడు, పామూరు, కనిగిరి మెట్ట ఊళ్ళలో ఈశాన్య రుతుపవనాల వాన పడి నాలుగు రోజులైందంటే పశువైద్య సహాయకుల ఫోను ఊరుకోదు. ఒకరి బర్రెకు గొంతు వాచింది. ఇంకొకరి కోడెదూడ కాలు ఈడుస్తోంది. మరొకరి మందలో ఒక్క రాత్రిలో మూడు పొట్టేళ్ళు పోయాయి. మీరు బండెక్కి పోయేసరికి దొడ్డి దగ్గర పదిమంది నిలబడి ఉంటారు. మీరు వెంటనే సంచిలోంచి సిరంజి తీయాలని అందరి చూపూ. ఆ సిరంజి తీసే ముందు చేయాల్సిన పని గురించే ఇదంతా రాస్తున్నాను.

యాంటీబయాటిక్ ఒక్క మోతాదు పడితే చాలు, కొన్ని గంటల్లో రక్తంలోని బాక్టీరియా చిక్కకుండా పోవచ్చు. ఆ తర్వాత ఎంత మంచి ల్యాబుకు పంపినా ‘పెరుగుదల లేదు’ అనే కాగితమే తిరిగొస్తుంది. మందలో తక్కినవాటికి ఏ టీకా వేయాలో, ఆ ఇంటి మనుషులకు ప్రమాదం ఉందో లేదో చెప్పే ఆధారం చేజారిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. గొంతు వాచిన ఎనుముకు ముందు మందు పొడిచి, మరునాడు అది చచ్చాక రక్తం పంపాను. ల్యాబులో ఏమీ పెరగలేదు. వారం తిరక్కముందే అదే వీధిలో ఇంకో రెండు పోయాయి. మూడో ఇంటి ఆడమనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి నా సంచిలో పైన స్లైడ్ల డబ్బా, దాని కింద మందులు.

కొత్తగా చేరిన పశువైద్య సహాయకులూ, పశుసంవర్ధక డిప్లొమా చదివే పిల్లలూ, నాలుగు వందల జీవాలున్న చదువుకున్న కాపరులూ దీన్ని వాడుకోవచ్చు. మందు ఏది, ఎంత అన్నది డాక్టరు నిర్ణయం. దాని జోలికి నేను పోను.

ముందు అడగండి, తర్వాత ముట్టుకోండి

పశువు వయసెంత, ఒంటిమీద కండ ఉందా, ఎప్పటినుంచి మేత మానింది, ఎక్కడ మేసింది, ఎన్నింటికి వచ్చింది, కిందటిసారి ఏ టీకా ఎప్పుడు వేశారు. ఈ ఆరూ అడగకుండా థర్మామీటరు కూడా తీయకండి. జవాబుల్లోనే సగం రోగం బయటపడుతుంది.

‘నిన్న పొద్దుగూకేదాకా బాగానే మేసింది సార్, తెల్లారి చూస్తే పడుంది’ అంటాడు కాపరి. అప్పుడు ఇంకొకటి అడగండి: ‘పెద్దాయనా, చూసినప్పుడు కాళ్ళు బిగుసుకుపోయినాయా, మెత్తగానే ఉన్నాయా?’ బిగుసుకుపోతే ఒక దారి. చచ్చి గంటలు గడిచినా కళేబరం సరిగ్గా బిగుసుకోకపోతే అది వేరే దారి. ఆ దారిలో మీరు ఒక్క అడుగు తప్పు వేసినా ఊరంతా ప్రమాదంలో పడుతుంది.

బలిసిన చిన్న పశువే పోయిందంటే క్లాస్ట్రీడియం జాతిని తలచుకోండి. ఈ జాతి బాక్టీరియాది విచిత్రమైన గుణం. బక్కచిక్కినదాన్ని వదిలేసి, రైతు ముద్దుగా మేపిన దాన్నే పట్టుకుంటుంది. తొలివానకు తడిసిన బర్రెలు, ఎనుములు గురక పెడుతుంటే పాశ్చురెల్లా. ఆరేడు నెలల చూడి ఆవు ఈసుకుపోతే, అంటే గర్భం పోతే, బ్రూసెల్లా. ఇవి అనుమానాలు మాత్రమే, పరీక్ష పూర్తయ్యాకే పేరు పెట్టాలి. కానీ అనుమానం లేకుండా ల్యాబుకు పోతే వాళ్ళకు ఏ పరీక్ష చేయాలో తెలియదు.

బాక్టీరియా కానివాటిని కూడా మొదటే పక్కన పెట్టాలి. వాన లేక వాడిపోయిన లేత జొన్న మేసి పది నిమిషాల్లో కొట్టుకుని చచ్చిందంటే అది సయనైడు విషం. రక్తం మరీ ఎర్రగా మెరుస్తుంది. మూతి మీద పాము కరిస్తే గొంతువాపులాగే వాస్తుంది. నోట్లో పుండ్లు, ముక్కు కారడం, పారుడు, దగ్గు కలిసి మంద మందంతా పడుకుంటే అది జీవాల పారుడు రోగం. దానికి కారణం వైరస్, దాన్ని మైక్రోస్కోపులో వెతకడం వృథా.

చచ్చిన పశువు దగ్గర కత్తి తీయకండి

ఆకస్మిక మరణం, ముక్కు నోరు ఆసనం నుంచి నల్లగా గడ్డకట్టని రక్తం, పొట్ట త్వరగా ఉబ్బడం, కళేబరం సరిగ్గా బిగుసుకోకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కాదని తేలేదాకా అది దొమ్మ రోగమే అనుకోండి. కోయకూడదు, తోలు తీయకూడదు, ఈడ్చుకుపోకూడదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే కారణం తెలియనివాడు ఆ నియమాన్ని నిలబెట్టుకోలేడు.

దొమ్మను తెచ్చేది బాసిల్లస్ ఆంత్రాసిస్. పశువు ఒంట్లో అది కడ్డీ రూపంలో ఉంటుంది. కోయని కళేబరం కుళ్ళే కొద్దీ లోపల ఆ కడ్డీలు చాలావరకు చచ్చిపోతాయి. కోస్తే గాలి తగులుతుంది, గాలిలోని ఆక్సిజన్ తగిలిన బాక్టీరియా బీజాలుగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. ఈరోజు మీరు కత్తి పెట్టిన బీడులో మీ మనవడి కాలంలో మేసిన గొర్రె చస్తుంది. తోలు తీసిన మనిషి చేతి మీద దురద పుట్టి, పొక్కు లేచి, మధ్యలో నల్లటి పక్కు కడుతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి అశ్రద్ధ చేస్తారు. అలాంటి చెయ్యి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపండి, ‘చచ్చిన గొర్రె తోలు తీశాను’ అని డాక్టరుకు చెప్పమనండి. ఆ ఒక్క మాట అతని ప్రాణం కాపాడుతుంది.

మరి నమూనా ఎలా? చేతులకు రెండు జతల గ్లవ్స్, ముఖానికి మాస్కు. చెవి సిరను సూదితో పొడిచి ఒక్క చుక్క రక్తం స్లైడు మీద తీసుకుని పల్చగా పూయండి. ఇంకో చుక్కను శుభ్రమైన దూది పుల్లకు పట్టించి గొట్టంలో పెట్టి మూయండి. పొడిచిన చోట ఫార్మలిన్‌లో తడిపిన దూది అదమండి. స్లైడును నీడలో ఆరబెట్టి ఆల్కహాలులో ముంచి స్థిరపరచండి. ఆల్కహాలైనా మంటైనా బీజాలను చంపుతుందని నమ్మకండి. వాడిన సూది, దూది, గ్లవ్స్ అన్నీ అక్కడే కాల్చేయండి.

ల్యాబులో ఈ స్లైడుకు పాలిక్రోమ్ మిథిలీన్ బ్లూ వేస్తారు. చతురస్రంగా కోసినట్టున్న కొసలతో నీలి కడ్డీలు రెండు మూడు గొలుసుగా, వాటి చుట్టూ గులాబి రంగు తొడుగు. దీన్ని మెక్‌ఫేడియన్ చర్య అంటారు, 1903 నుంచి వాడుకలో ఉంది. చచ్చి ఒక రోజు దాటిన కళేబరంలో ఈ తొడుగు చెదిరిపోతుంది, పేగుల్లోంచి వచ్చిన ఇతర కడ్డీలు రక్తంలో నిండిపోతాయి. అందుకే ‘ఎప్పుడు చచ్చింది’ అన్న ప్రశ్నకు గంటల్లో జవాబు రాసి పంపండి. బ్లడ్ అగార్ (బాక్టీరియాను పెంచే, రక్తం కలిపిన జెల్లీ) మీద దీని కాలనీ, అంటే గుంపుగా పెరిగిన మచ్చ, గరుకుగా, బూడిద రంగులో, అంచు విప్పిన జుట్టులా ఉంటుంది. చుట్టూ రక్తం కరగదు, సూక్ష్మజీవి కదలదు. కదులుతూ రక్తాన్ని బాగా కరిగిస్తుంటే అది మట్టిలో ఉండే దాని దాయాది ఏదో అయ్యుంటుంది.

ఒక సూక్ష్మజీవికీ ఒక రోగానికీ సంబంధాన్ని 1876లో రాబర్ట్ కాక్ మొదటిసారి గట్టిగా నిరూపించింది ఈ రోగంతోనే. అప్పటికి ఆయన ఊళ్ళో వైద్యం చేసుకునే డాక్టరు, ఇంట్లోనే చిన్న ప్రయోగశాల. పల్లెలో పనిచేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కళేబరాన్ని చచ్చిన చోటే ఆరడుగుల లోతున పూడ్చండి, లేదా పూర్తిగా కాల్చండి. రక్తం పడిన మట్టిని కూడా గీరి అందులోనే వేయండి. పంచాయతీకీ పశువైద్యశాలకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ మూడుచోట్లా చెప్పండి.

గొంతు వాస్తే

బతికున్న బర్రెకు 104 నుంచి 107 డిగ్రీల జ్వరం, నోటినుంచి చొంగ, గొంతు కింద మెత్తటి వాపు, ఊపిరికి గురక. వాపును వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. తరచు ఒక రోజులోనే చస్తుంది. దీన్ని మనవాళ్ళు గొంతువాపు అనీ గురక రోగం అనీ అంటారు. ఆవులకంటే బర్రెలు దీనికి తొందరగా లొంగిపోతాయి.

దీని వెనుక ఉండేది పాశ్చురెల్లా మల్టోసిడా, ఆసియాలో ఎక్కువగా బి-2 రకం. చెవి సిర రక్తాన్ని పూసి లీష్‌మన్ లేదా మిథిలీన్ బ్లూ రంగు వేస్తే పొట్టి కడ్డీలకు రెండు కొసలూ ముదురుగా, నడుమ తేలిగ్గా కనబడతాయి. పిన్నీసును దూరంనుంచి చూసినట్టుంటుంది. గ్రామ్ రంగు (ఆ పద్ధతి తర్వాత చెబుతాను) వేస్తే గులాబి రంగు పొట్టి కడ్డీలు తప్ప ఈ రెండు కొసల తేడా సరిగ్గా తెలియదు. కాబట్టి గొంతువాపుకు రెండు స్లైడ్లు తీయండి.

పశువు చచ్చి ఎండలో పడి ఉంటే రక్తం పనికిరాదు. అప్పుడు పొడవాటి ఎముక ఒకటి, తొడదో జబ్బదో, రెండు కొసలూ చెక్కుచెదరకుండా తీసి, మాంసం గీరి, గుడ్డలో చుట్టి పంపండి. దొమ్మ కాదని స్లైడు చూసి తేల్చుకున్నాక మాత్రమే సుమా. ఎముక మూలుగలో పాశ్చురెల్లా చాలాసేపు చిక్కుతుంది, కుళ్ళు బాక్టీరియా అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. మా ప్రాంతంలో ఎండలో చచ్చి రెండో రోజుకు తెలిసే కేసులే ఎక్కువ. ఈ ఒక్క కిటుకుతో చాలాసార్లు పేరు తెలిసింది.

జబ్బ వాస్తే

ఆరు నెలలనుంచి రెండేళ్ళ లోపు, బాగా మేపిన దూడ. హఠాత్తుగా ఒక కాలు కుంటుతుంది. జబ్బ మీదో తొడ మీదో వాపు. మొదట వేడిగా, ముడితే నొప్పిగా ఉండి, కొన్ని గంటల్లో చల్లబడి స్పర్శ పోతుంది. ఆ వాపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా అదమండి. ఎండుటాకుల మీద చెయ్యి పెట్టినట్టు చిటపటలాడితే లోపల గ్యాసు చేరిందన్నమాట. ఆ చిటపట ఒకసారి చేతికి తెలిస్తే జన్మలో మరచిపోరు.

ఒంగోలు జాతి కోడెదూడల్ని ప్రాణంగా పెంచే ఇళ్ళలో ఈ జబ్బవాపు చేసే గాయం డబ్బుతో లెక్కకు రాదు. ఒంగోలు చుట్టుపక్కల పుట్టి బ్రెజిల్‌లో ‘నెలోరె’ పేరుతో కోట్లలో పెరిగిన జాతి అది. ఇక్కడ మాత్రం టీకా వేయించక ఒక్క రాత్రిలో ఒక దూడ పోవడం నేను చూశాను.

ఐదు మిల్లీలీటర్ల సిరంజితో వాపు నడిమధ్యనుంచి ద్రవం లాగండి. ఒక స్లైడు పూసి, మిగిలింది గాలి చొరకుండా మూతపెట్టి పంపండి. కారణం క్లాస్ట్రీడియం చోవై. గ్రామ్ రంగు వేస్తే ఊదా రంగు కడ్డీలు, ఒంటరిగానో జంటగానో, కొసకు కాస్త ఇవతల బీజంతో నిమ్మపండు ఆకారంలో ఉబ్బి ఉంటాయి. ఇది గాలిలో పెరగదు. మామూలు పెట్రీ ప్లేటు మీద వేసి ‘ఏమీ రాలేదు’ అంటే అది పరీక్ష తప్పు. రాబర్ట్‌సన్ మాంసపు మాధ్యమంలో గానీ ఆక్సిజన్ లేని జాడీలో గానీ పెంచాలి.

దీనికి ఒక దాయాది ఉంది, క్లాస్ట్రీడియం సెప్టికం. గాయంలోంచో మురికి సూదిలోంచో లోపలికి పోతుంది. చచ్చిన పశువు కాలేయాన్ని స్లైడుకు అద్ది చూస్తే పొడవాటి దారాల్లా కనిపించేది ఇదే, చోవై అలా దారాలు కట్టదు. పైగా చచ్చాక పేగుల్లోంచి ఒళ్ళంతా పాకే గుణం సెప్టికానికి ఉంది. ఆలస్యంగా తీసిన నమూనాలో అది దొరికినంత మాత్రాన అదే చంపిందని రాయకండి.

ధనుర్వాతానికి మాత్రం ల్యాబు అవసరం దాదాపు ఉండదు. గాయమో, విత్తులు కొట్టించిన పుండో ఉండి, పశువు కొయ్యగుర్రంలా నిలబడి, చప్పుడుకు ఉలిక్కిపడి, కంటి లోపలి పొర బయటికి వస్తుంటే లక్షణాలే సాక్ష్యం.

మందలో మూడు పొట్టేళ్ళు పోతే

నెల్లూరు జాతి గొర్రెల్లో, పల్ల అయినా జోడిపి అయినా దొర అయినా, నన్ను ఎక్కువగా తిప్పింది చిటుక రోగమే. చిటిక వేసేలోగా ప్రాణం పోతుంది. వాన తర్వాత లేత పచ్చిక ఒక్కసారిగా దొరికినప్పుడు, కోసిన చేలల్లో రాలిన గింజ తిన్నప్పుడు వస్తుంది. మందలో అన్నిటికంటే నిండుగా ఉన్న పిల్లలు పోతాయి. చచ్చే ముందు ఎగిరి పడడం, తల వెనక్కి వంచడం, కాళ్ళు ఈతకొట్టినట్టు ఆడించడం చూసినవాళ్ళు చెబుతారు.

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ డి-రకం పేగులో విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ విషాన్ని విడుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని విడమరచి చెప్పాలి. ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులో కూడా ఉంటుంది. చచ్చాక ఇంకా పెరుగుతుంది. కాబట్టి పేగునుంచి స్లైడు తీసి లావుపాటి ఊదా కడ్డీలు కనిపించగానే తీర్పు చెప్పకూడదు. చంపింది విషం, నిరూపించాల్సిందీ విషమే.

దొమ్మ స్లైడు చూసి తేల్చుకున్నాక, చచ్చిన కొద్ది గంటల్లోనే కోయండి. గుండె సంచిలో ఎండుగడ్డి రంగు ద్రవం చేరి, గాలి తగలగానే జిగురుగా గడ్డకడుతుంది. మూత్రపిండం మెత్తబడి గుజ్జులా ఉంటుంది, కానీ కళేబరం నిలవున్నా అలాగే అవుతుంది కాబట్టి దానిమీద మొత్తం భారం వేయకండి. మూత్రాశయంలోంచి సిరంజితో మూత్రం లాగి, మధుమేహానికి వాడే మూత్రపు స్ట్రిప్ ముంచండి. గ్లూకోజు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మందుల షాపులో దొరికే ఆ స్ట్రిప్పుతో కళ్ళముందే ఒక మెట్టు ఎక్కుతారు. తర్వాత చిన్నపేగులోని పదార్థం పది మిల్లీలీటర్లు సీసాలో పోసి, రెండు మూడు చుక్కల క్లోరోఫామ్ కలిపి, ఐసులో పెట్టి అదే రోజు పంపండి. విషం త్వరగా విరిగిపోతుంది. రేపు పంపుదామనుకుంటే ఖాళీ సీసా పంపినట్టే. అక్కడ ఏ రకం విషమో తటస్థీకరణ పరీక్షతో గానీ పీసీఆర్‌తో (జన్యువును గుర్తించే పరీక్ష) గానీ తేలుస్తారు.

ఈసుకుపోతే

చూడి చివరి భాగంలో గర్భం పోయి, మాయ పడకుండా ఉండిపోయి, అదే దొడ్డిలో రెండోదానికీ జరిగితే బ్రూసెల్లా పరీక్ష చేయించండి. ఆవులు, బర్రెల్లో అబార్టస్ రకం, గొర్రెలు, మేకల్లో మెలిటెన్సిస్. రెండూ మనిషికి అంటుతాయి, మెలిటెన్సిస్ మరీ గట్టిగా అంటుతుంది. ఒట్టి చేతులతో మాయ లాగే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమట, నడుం నొప్పి, కీళ్ళ నొప్పులతో నెలల తరబడి తిరిగే కాపరుల్ని అడిగి చూడండి, చాలామంది ‘మాయ నేనే తీశా’ అంటారు. భుజందాకా వచ్చే గ్లవ్స్ లేకుండా మాయ ముట్టకండి.

చచ్చిన పిండం పొట్టలోని ద్రవం, మాయలో గడ్డలున్న ముక్క పంపితే సవరించిన జీల్-నీల్సన్ రంగుతో ఎర్రటి బుడిపెలు గుంపులుగా కనిపిస్తాయి. తల్లి రక్తం గడ్డకట్టించి సీరం తీస్తే రోజ్ బెంగాల్ పరీక్ష మీ ఎదుటే అవుతుంది. తెల్ల పలక మీద ఒక చుక్క సీరం, అంతే గులాబి ద్రావణం, కలిపి నాలుగు నిమిషాలు మెల్లగా ఊపండి. ఇసుక రవ్వల్లా విడిపోతే పాజిటివ్. నాలుగు నిమిషాలు దాటాక ఎండి విడిపోయినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ పశువుకు దూడగా ఉన్నప్పుడు స్ట్రెయిన్-19 టీకా పడిందేమో కూడా కనుక్కోండి, దానివల్ల కూడా పాజిటివ్ రావచ్చు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఈ టీకా వేస్తున్నారు. అందులో ఉన్నది బతికున్న బాక్టీరియా. వేస్తూ మీ వేలికి గుచ్చుకుంటే దాచుకోకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పొండి.

పాలలో వెతకడం

పొదుగువాపుకు పాల నమూనా తీయడం తేలికే, పాడు చేయడం ఇంకా తేలిక. చన్ను కడిగి, తుడిచి, కొసను 70 శాతం ఆల్కహాలు దూదితో రుద్దండి. మొదటి రెండు మూడు ధారలు పారబోయండి. గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని తర్వాతి ధార పట్టండి, మూత లోపలిభాగం వేలికి తగలనీయకండి. ఒకే చన్నునుంచి నాలుగు రకాల బాక్టీరియా వచ్చిందంటే అది పొదుగులోది కాదు, మీ చేతిది.

గ్రామ్ రంగు: తొందరపడితే పాడయ్యే మూడో మెట్టు

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ల్యాబు గడప. ఆరి స్థిరపడిన స్లైడు మీద క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం. కడిగి అయోడిన్ ఒక నిమిషం. కడిగి ఆల్కహాలు లేదా అసిటోన్ చుక్కలుగా వదలండి, ఊదా రంగు కారడం ఆగిన క్షణమే నీళ్ళు పోయండి. చివర శాఫ్రనిన్ అర నిమిషంనుంచి నిమిషం. ఆరబెట్టి నూనె చుక్క వేసి 100ఎక్స్ కటకంతో చూడండి.

తప్పంతా ఆల్కహాలు దగ్గరే జరుగుతుంది. ఎక్కువసేపు వదిలితే ఊదా రావాల్సినది గులాబిగా వస్తుంది. పూత మందంగా ఉంటే గులాబి రావాల్సినది ఊదాగా ఉండిపోతుంది. క్లాస్ట్రీడియాలు పెంపకంలో పాతబడితే వాటంతటవే గులాబిగా మారతాయి. అందుకే అదే స్లైడు ఒక అంచున తెలిసిన స్టెఫైలోకాకస్, ఇంకో అంచున తెలిసిన ఈ-కోలై పూసి రంగు వేయండి. ఒకటి ఊదా, ఒకటి గులాబి వస్తేనే నడుమ ఉన్నదాన్ని నమ్మండి. ఈ అలవాటు లేని ల్యాబు రిపోర్టును నేను నమ్మను.

తర్వాత ఆకారం. ఊదా గుండ్రాలు ద్రాక్షగుత్తిలా ఉంటే స్టెఫైలోకాకస్, దండలా ఉంటే స్ట్రెప్టోకాకస్. ఊదా కడ్డీలైతే బాసిల్లస్, క్లాస్ట్రీడియం వైపు. గులాబి కడ్డీలైతే ఈ-కోలై, సాల్మొనెల్లా, పాశ్చురెల్లా వైపు. ఇంతకుమించి గ్రామ్ స్లైడు చెప్పదు, చెప్పించాలని చూడకండి.

ప్లేటు మీద పెంచి పేరు పెట్టడం

ప్రతి నమూనానూ బ్లడ్ అగార్, మెకాంకీ అగార్ రెండింటి మీదా గీయండి, 37 డిగ్రీల సెల్సియస్‌లో ఒక రోజు ఉంచండి. మెకాంకీ మీద గులాబి కాలనీలు వస్తే లాక్టోజు (పాల చక్కెర) తినేవి, ఈ-కోలై వంటివి. రంగులేని కాలనీలైతే సాల్మొనెల్లా కావచ్చు. బ్లడ్ అగార్ మీద బిందువుల్లా పెరిగి మెకాంకీ మీద అసలు రాకపోతే, అదీ గొంతువాపు కేసు అయితే, పాశ్చురెల్లా దాదాపు మీ చేతిలో ఉన్నట్టే. ఆక్సిడేజ్, ఇండోల్ అనే రసాయన పరీక్షలు రెండూ పాజిటివ్ వస్తే ఇంకా గట్టిపడుతుంది.

గుండ్రటివాటిని విడదీయడానికి కాటలేజ్ పరీక్ష చాలు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు చుక్కలో కాలనీ కలిపితే బుడగలొస్తే స్టెఫైలో, రాకపోతే స్ట్రెప్టో. బ్లడ్ అగార్ మీదనుంచి తీసేటప్పుడు రక్తం అంటుకుంటే దానికే బుడగలొస్తాయి, జాగ్రత్త. ఆక్సిడేజ్ పరీక్షకు ఇనుప తీగ వాడకండి, చెక్కపుల్ల వాడండి. పది సెకన్లలో ఊదా రాకపోతే తర్వాత వచ్చిన రంగును లెక్కపెట్టకండి. స్టెఫైలో అని తేలాక కుందేలు ప్లాస్మాను గడ్డకట్టిస్తే అది ఆరియస్, పొదుగువాపులో మొండిది అదే. స్ట్రెప్టోలో అగలాక్టియేను క్యాంప్ పరీక్షతో పట్టుకోవచ్చు. ఈ-కోలై అయితే ఈఎంబీ (ఇయోసిన్ మిథిలీన్ బ్లూ) అగార్ మీద ఆకుపచ్చ లోహపు మెరుపు కనిపిస్తుంది.

స్లైడూ పశువూ ఒకే మాట చెప్పకపోతే

ఇది తరచుగా జరుగుతుంది. గొంతు వాచిన బర్రె రక్తంలో మీరు రెండు కొసల కడ్డీలు చూశారు, ల్యాబునుంచి ‘ఈ-కోలై పెరిగింది’ అని వచ్చింది. అప్పుడు నమూనా చరిత్ర చూడండి. చచ్చి ఎన్ని గంటలకు తీశారు, ఐసు ఉందా, బస్సులో ఎంతసేపు ఉంది. ఈ-కోలై పేగుల్లో ఉండేది, చచ్చాక రక్తంలోకి పాకుతుంది, ప్లేటు మీద అందరికంటే వేగంగా పెరిగి పాశ్చురెల్లాను కప్పేస్తుంది. బతికున్నప్పుడు తీసిన స్లైడు ముందు ఆ ప్లేటు సాక్ష్యం నిలవదు. అదే పశువు నోరు, ముక్కునుంచి పాశ్చురెల్లా దొరికిందనుకోండి, అది కూడా తీర్పు కాదు, ఆరోగ్యంగా ఉన్న పశువుల గొంతులోనూ అది ఉంటుంది. గుండె రక్తంలోనో మూలుగలోనో దొరికినదానికే విలువ.

నమూనాతో పంపే కాగితం మీద వీటిని రాయండి: పశువు జాతి, వయసు, ఊరు, మొదటి లక్షణం ఎప్పుడు, చచ్చిన సమయం, నమూనా తీసిన సమయం, ఏ చోటునుంచి, సూది పడిందా, పడితే ఏ మందు ఎన్ని గంటల ముందు, టీకా తేదీ, మీ అనుమానం, మీ ఫోను నంబరు. దొమ్మ అనుమానం ఉంటే పైన ఎర్ర సిరాతో పెద్దగా రాయండి, డబ్బా తెరిచేవాడికి కూడా ఇల్లూ పిల్లలూ ఉన్నారు. సీసాల మీద మూతకు కాదు, ఒంటికి చీటీ అతికించండి. మూతలు మారిపోతాయి.

స్లైడు తీశాక, రక్తం పట్టాక, ఇక ఆలస్యం చేయకండి. బతికున్న పశువు విషయంలో డాక్టరుకు ఫోను చేసి ఆయన చెప్పిన మందు వెంటనే వేయండి. ల్యాబు జవాబు వచ్చేదాకా దాన్ని ఆపితే ప్రాణం పోతుంది. అందరూ కంగారు పెట్టే ఆ గుంపులో స్లైడుకు పట్టేది రెండే నిమిషాలు. వచ్చిన జవాబును ఆ రైతు ఇంటికి పోయి స్వయంగా చెప్పండి, పక్క దొడ్లలో ఏ టీకా వేయాలో ఆ సాయంత్రమే తేల్చండి. ఆ స్లైడును మాత్రం కడిగేయకండి, ఊరి పేరు, తేదీ గీసి డబ్బాలో దాచండి. వచ్చే ఏడాది అదే వానకు అదే ఊరినుంచి ఫోను వస్తుంది.